నాటే ముందు లెక్క రాయండి

(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

కాలేజీలు, విశ్వవిద్యాలయాల ఆవరణల్లో చెట్టూ చేమా, పిట్టా పురుగూ గురించి ఈ నెల గోదావరి డెల్టా నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీకి ఏటా ఆగస్టులో మూడు నాలుగు వందల మొక్కలు వస్తాయండీ. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతో ఒక్కరోజులో నాటించేస్తాం. మళ్లీ ఆగస్టు వచ్చేసరికి నలభై కూడా మిగలవు. మళ్లీ అవే గోతుల్లో నాటుతున్నాం. లోపం ఎక్కడ?
– వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, అమలాపురం

జవాబు: సగం లోపం ఆ గోతుల్లోనే ఉంది. డెల్టా నేల బరువైన బంకమట్టి. అందులో రెండడుగుల గొయ్యి తీసి, ఇసుకా ఎరువూ కలిపి నింపితే, వానాకాలంలో అది గొయ్యి కాదు, కుండ. లోపలి గుల్ల మట్టిలోకి నీరు దిగుతుంది, చుట్టూ ఉన్న బంక దాన్ని బయటికి పోనివ్వదు. వేరుకి గాలి అందక కుళ్లుతుంది. ఆకు వాడుతుంది. ఆకు వాడింది కదా అని ఇంకో బిందె పోస్తాం. మొక్క చచ్చేది ఆ బిందెతో.

నాటే ముందు ఒక పరీక్ష చేయండి. అడుగున్నర లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పొయ్యండి. అది ఇంకాక రెండోసారి నింపండి. మర్నాడు అదే వేళకి ఇంకా నీరు నిలిచి ఉంటే అక్కడ గొయ్యి పద్ధతి వదిలెయ్యాలి. నాలుగడుగుల వెడల్పున, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దానిమీద నాటాలి. దిబ్బకి అక్కడి మట్టే నాలుగు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు చాలు. కొబ్బరి పాదు పద్ధతిలో మొదలు చుట్టూ పల్లం చెయ్యకండి, ఈ నేలలో అది తిరగబడుతుంది. ఎండాకులు మూడంగుళాల మందాన పరచండి, కాండానికి జానెడు దూరం వదిలి.

రెండోది సంచి. ఒక్కరోజులో నాలుగు వందలు నాటాలన్న తొందరలో ప్లాస్టిక్ సంచి అడుగు మాత్రం చింపి దింపేస్తారు, కొందరు అదీ చింపరు. సంచిని నిలువునా కోసి పూర్తిగా తీసెయ్యాలి. అడుగున చుట్టచుట్టుకున్న వేళ్లుంటే కత్తెరతో కత్తిరించాలి. లేకపోతే ఆ వేరు ఆ చుట్టలోనే లావెక్కుతుంది. చెట్టు ఎనిమిది, పదేళ్లు బాగానే కనిపించి ఏదో ఒక తుఫానులో మొదలంటా ఒరిగిపోతుంది. పీకి చూస్తే వేళ్లు సంచి ఆకారంలోనే ఉంటాయి. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ వాళ్లకి గాలి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

మూడోది నీళ్లు. ఆగస్టులో నాటిన మొక్కకి అసలు పరీక్ష వేసవిలో, కాలవలు కట్టేశాక వస్తుంది. సరిగ్గా అప్పుడే పరీక్షలు, సెలవులు. పోసే నాథుడుండడు. మొక్కకి నాలుగైదు రోజులకోసారి 15 లీటర్లు అనుకుంటే, వంద మొక్కలకి తడికి 1,500 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు మూడువందల పైచిలుకు మొక్కలకి ఒక్క తడి. రెండు వేసవులు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, ఎన్ని తడులకి మీ దగ్గర డబ్బుందో ముందు లెక్క కట్టండి. ఆ లెక్క అరవై మొక్కలకే సరిపోతే అరవయ్యే నాటండి. మిగతావి ఊళ్లో రైతులకి ఇచ్చెయ్యండి.

ఇక ఏం నాటాలి? నీరు నిలిచే చోట తెల్లమద్ది, కానుగ, నేరేడు, కడిమి తట్టుకుంటాయి. సముద్రం దగ్గర ఉప్పు తగిలే నేలకి పొన్న, గంగరావి, కానుగ, తాటి. మేడి, జువ్వి, రావి భవనాలకి పదిహేను మీటర్ల అవతల పెట్టండి. పండు దొరకని కాలంలో పిట్టల్ని పోషించేవి అవే. ఈత చెట్లని పనికిరానివని కొట్టేస్తారు గానీ గిజిగాడు గూడు అల్లేది వాటికే. వేప, టేకు మెరక మీద తప్ప వద్దు. ఎర్రచందనం శేషాచలం కొండల చెట్టు, రాళ్లనేలలో పెరిగేది. డెల్టా బంకలో దాన్ని పెంచాలనుకోవడం గోదారి పులసని చెరువులో పెంచాలనుకోవడం లాంటిది.

కడియం నర్సరీల్లో అప్పటికప్పుడు దొరికేవి ఎక్కువగా పూలమొక్కలు, అలంకారపు మొక్కలు. తెల్లమద్ది, కడిమి లాంటివి కావాలంటే ఒక సీజను ముందే చెప్పి పెట్టుకోవాలి. ఆరడుగుల మొక్క కోసం ఆశపడొద్దు. మూడడుగులుండి కాండం బొటనవేలంత లావున్నదే నిలదొక్కుకుంటుంది.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్య సర్వే చెయ్యమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? మా బ్యాచ్ రెండేళ్లలో వెళ్లిపోతుంది, తరవాత ఎవరు చేస్తారో తెలీదు.
– ఎమ్మెస్సీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: మీ రెండో మాటే అసలు సమస్య. చాలా క్యాంపస్ సర్వేలు ఒక్క బ్యాచ్ ప్రాజెక్టుగా పుట్టి, బైండింగు అయి, బీరువాలోకి పోతాయి. ఐదేళ్ల తరవాత ఇంకో బ్యాచ్ వేరే దారిలో, వేరే వేళ, వేరే పద్ధతిలో చేస్తుంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. పిట్టలు తగ్గాయా, చూసినవాళ్లు ఆలస్యంగా లేచారా అన్నది కూడా చెప్పలేం.

అందుకని పద్ధతి ఎవరు చేసినా మారనంత చిన్నదిగా ఉండాలి. క్యాంపస్ మ్యాపు మీద ఒక కిలోమీటరు దారి గీయండి: కొంత చెట్ల కింద, కొంత గడ్డిలో, కొంత నీటి పక్కన. ప్రతి రెండు వందల మీటర్లకి ఒక గుర్తు, చెట్టుకి మేకు కొట్టకుండా, గోడకో రాయికో రంగుతో. పిట్టలకి నెలలో ఒకరోజు, సూర్యోదయమైన గంటలోపు బయల్దేరి, అదే దారిలో, అదే వేగంతో. చూసినవీ విన్నవీ ఎన్నో అంకె వెయ్యాలి, 'చాలా' అని రాయకూడదు. వాన పడితే మర్నాటికి మార్చి, ఆ సంగతి రాయాలి. ఏమీ కనిపించని రోజు కూడా రాయాలి. సున్నా కూడా లెక్కే.

సీతాకోకచిలుకలకి అదే దారిలో ఎండ కాసేటప్పుడు, ఉదయం తొమ్మిది పదకొండు మధ్య మెల్లగా నడవండి. అటు 2.5, ఇటు 2.5, ముందుకి 5 మీటర్లు: ఆ పెట్టెలో పడ్డవే లెక్క. వెనక నుంచి వచ్చినవి ఎంత అందంగా ఉన్నా లెక్కలోకి రావు. చెట్లకి ఒక్కసారి పూర్తి జాబితా తియ్యండి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత 30 సెంటీమీటర్లు దాటిన ప్రతి చెట్టుకీ నంబరు, పేరు, చుట్టుకొలత, జీపీఎస్ రాయండి. ఐదేళ్లకోసారి మళ్లీ కొలిస్తే చాలు. గడ్డీ గాదం చూడాలంటే మీటరు చదరాలు ఇరవై వేసి, సార్వా (ఖరీఫ్) వానల్లో ఒకసారి, వేసవిలో ఒకసారి.

పిట్టల జాబితాలు ఈబర్డ్‌లో, ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో ఎక్కించండి. ఆ రెండూ వెబ్‌సైట్లు, మీరు వెళ్లిపోయినా ఎక్కించినవి అక్కడ ఉంటాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే క్యాంపస్ బర్డ్ కౌంట్ కొత్తవాళ్లని పోగేసుకోవడానికి మంచి వంక. కానీ ఏడాదికోసారి నాలుగు రోజులు నెలనెలా నడకకి బదులు కావు. మొదటి సంవత్సరం పిల్లల్ని రెండో సంవత్సరం వాళ్లతో జతకట్టి నడిపించండి. పుస్తకం విభాగాధిపతి దగ్గర కాదు, లైబ్రరీలో, యాక్సెషన్ నంబరుతో ఉండాలి. విభాగాధిపతులు మారతారు, గదులు మారతాయి. లైబ్రరీలో నంబరు పడ్డ పుస్తకాన్ని చెత్తలో వెయ్యాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

ఇంకొక్క మాట. జంతువుల్ని పట్టి సీసాల్లో వేసే పాత అలవాటు మానండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 జాబితాల్లో ఉన్నవాటిని అనుమతి లేకుండా పట్టడమే నేరం. ఫొటో చాలు.

ప్రశ్న: మా క్యాంపస్ రోడ్ల పక్కన కోనోకార్పస్ చెట్లు వందల్లో ఉన్నాయి. అవి ఆక్సిజన్‌కి బదులు విషవాయువు వదులుతాయంటున్నారు. కొట్టించెయ్యాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: విషవాయువు మాట ఉత్తిదే. పచ్చని ఆకున్న చెట్లన్నీ చేసే పనే అదీ చేస్తుంది. దానిమీద ఫిర్యాదులు వేరే: వేళ్లు డ్రైనేజీ గొట్టాల్లోకి, నీటి పైపుల్లోకి చొరబడతాయి. మన దగ్గరి పిట్టలకి, పురుగులకి దానిలో తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. వరస మొత్తం ఒకే జాతి కావడం ఇంకో తప్పు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది.

అయినా ఒక్క వేసవిలో అన్నీ కొట్టించొద్దు. నీడ పోయిన రోడ్డు మీద కొత్త మొక్క బతకదు. ప్రతి రెండు చెట్ల మధ్యా ఈ ఏడు కానుగో, పొన్నో పెట్టండి. అది తలెత్తు దాటాక, మూడు నాలుగేళ్లకి, పక్కనున్న కోనోకార్పస్ తియ్యండి. నేలమట్టంగా కొట్టి వదిలేస్తే పిలకలు వేస్తుంది, మొద్దు పెకలించాల్సిందే. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి ముందే అడగండి. కొట్టే ముందు గూళ్లు చూసుకోండి.

ప్రశ్న: మా కాలేజీ వెనక అరెకరం పల్లం ఉంది. ఏడాదిలో ఎనిమిది నెలలు నీరు, జమ్ము, దోమలు, కొంగలు. మెరక తోలించి సగం పార్కింగు, సగం మియావాకీ అడవి వేద్దామని యాజమాన్యం అంటోంది. పర్యావరణానికి మంచిదేనా?
– పరిపాలనాధికారి, భీమవరం

జవాబు: మంచిది కాదండీ. లెక్క చూడండి. అరెకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. అరమీటరు లోతు నీరు నిలిస్తే 1,000 ఘనపు మీటర్లు, అంటే పది లక్షల లీటర్లు. ఆ పల్లం పూడిస్తే అక్టోబరు తుఫాను వానకి ఆ పది లక్షల లీటర్లూ మీ హాస్టలు కింది అంతస్తులోకో, పక్కవాళ్ల చేలోకో పోతాయి. మీటరు ఎత్తు మెరకకి 2,000 ఘనపు మీటర్ల మట్టి కావాలి. టిప్పరుకి పది అనుకుంటే రెండు వందల ట్రిప్పులు, అణిగేది వేరే. ఆ గ్రావెల్ ఎక్కడో మెట్టప్రాంతంలో ఏదో దిబ్బని తవ్వి తెచ్చేదే. ఒక పల్లాన్ని చంపడానికి ఒక గుట్టనీ చంపుతున్నారన్నమాట.

మియావాకీ గురించి. చదరపు మీటరుకి మూడు నాలుగు మొక్కలు కిక్కిరిసి నాటి, రెండు మూడేళ్లు నీళ్లు పోసి పెంచే పద్ధతి అది. సిమెంటు మధ్య మిగిలిన ఎండు జాగాకి పనికొస్తుంది. తడినేలకి కాదు. మీ పల్లానికి వచ్చే నత్తగుల్ల కొంగ నత్తల కోసం వస్తుంది, చెట్టు నీడ కోసం కాదు. జమ్ములో గూడు పెట్టే పిట్టలకి మియావాకీలో చోటు లేదు. కొల్లేరు 2002లో, చిత్తడినేలల్ని కాపాడే అంతర్జాతీయ ఒప్పందం కింద, రామ్‌సర్ చిత్తడినేల అయింది. అక్కడికొచ్చే కొంగలు మేత వెతికేది కొల్లేరులోనే కాదు, చుట్టుపక్కల ఇలాంటి పల్లాల్లోనూ, వరిచేలల్లోనూ.

దాన్ని బాగుచెయ్యాలంటే ముందు హాస్టలు మురుగు అందులోకి రాకుండా ఆపండి. దోమలు పెరిగేది మురుగులో, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, పాత టైర్లలో. చేపలూ తూనీగ పిల్లలూ ఉన్న మంచి నీటిలో వాటికి బతుకు కష్టం. దోమల కోసం గంబూసియా చేప వదలొద్దు. అది మన చిన్న చేపల పిల్లల్నీ కప్ప తోకపిల్లల్నీ తినేస్తుంది. కాలవ నుంచి వచ్చే పరిగెల్లాంటి నాటు చేపలే చాలు. తిలాపియా, గడ్డిచేప కూడా వద్దు.

గట్టు నిలువుగా కోసి రాతికట్టడం కట్టించొద్దు. నాలుగు మీటర్లకి ఒక మీటరు దిగే వాలు ఉంచితే కొంగ నడుస్తుంది, కప్ప ఎక్కుతుంది, పిల్లలు జారిపడరు. గుర్రపుడెక్క కనిపించిన వారమే చేత్తో తీయించండి. నిండాక తియ్యాలంటే పొక్లెయిన్ కావాలి, అది అడుగునున్నవన్నీ ఊడ్చేస్తుంది. లొట్టపీసుని వేసవిలో వేళ్లతో పీకి ఎండబెట్టాలి, తడినేల మీద పారేసిన ముక్క మళ్లీ వేరు వేస్తుంది. జమ్ముని ఏటా మూడోవంతే కొయ్యండి, అదీ ఎండాకాలంలో. పూడిక తీసినా ఒక ఏడు సగం, మరో ఏడు సగం.

మీ వైపు రొయ్యల చెరువులు ఎక్కువ గనక పల్లంలో నీటి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) ఏడాదికి రెండుసార్లు కొలిపించండి. మీటరుకి 2.25 డెసీసీమెన్స్ దాటితే ఆ నీరు మామూలు మొక్కలకి పొయ్యొద్దు. ఏటికేడూ పెరుగుతుంటే ఊట ఎటు నుంచో వెతకాలి.

పార్కింగుకి ఇంకో చోటు చూడండి.

ప్రశ్న: హాస్టలు చుట్టూ గడ్డి పెంచమని పర్యావరణ కమిటీ, కొట్టించమని తల్లిదండ్రులు. పాముల భయం. ఎవరి మాట వినాలి?
– వార్డెను, తాడేపల్లిగూడెం

జవాబు: ఇద్దరిదీ. గోడ నుంచి మూడు మీటర్ల దాకా గడ్డి నాలుగంగుళాలు దాటనివ్వకండి, అవతల వదిలెయ్యండి. పాము గడ్డి కోసం రాదు. మెస్సులో పారేసిన అన్నానికి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము. రాత్రి ఎనిమిదికి చెత్త మూత పెట్టిన డ్రమ్ములోకి పోవాలి. పగిలిన ఇటుకలు, పాత మంచాలు, కట్టెలు గోడ పక్కన పోగెయ్యకూడదు. స్నానాల గది తూములకి ఆరు మిల్లీమీటర్ల జాలీ, తలుపుల కింద రబ్బరు పట్టీ పెట్టించండి. ఫినాయిలు, కార్బాలిక్ యాసిడ్ పాముల్ని ఆపవు.

డెల్టాలో జాగ్రత్త పడాల్సినవి నాగుపాము, రక్తపింజర, కట్లపాము. చావుదెబ్బలు తినేవి మాత్రం ఎక్కువగా జెర్రిపోతు, నీరుకట్టు. రెండూ విషం లేనివే, పైగా జెర్రిపోతు మీ ఎలుకల్ని తినేది. అన్నిట్లోకీ కట్లపాము సంగతి వార్డెనుకి తెలిసి ఉండాలి. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కాటేస్తుంది. గాటు కనపడకపోవచ్చు, నొప్పీ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అజీర్తి అని మాత్ర ఇచ్చి కూర్చోకండి, వెంటనే పెద్దాసుపత్రికి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే ఈ ప్రమాదం చాలావరకు పోతుంది. కాటు పడితే కొయ్యడం, తాడు కట్టడం, పీల్చడం ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసి, కదలకుండా పడుకోబెట్టి, 108.

ఎలుకలకి జిగురు అట్టలు పెట్టించకండి. బల్లులు, పాముపిల్లలు, పిచ్చుకలు అంటుకుని చస్తాయి. విషపు ఎరతో చచ్చిన ఎలుకని తిన్న గుడ్లగూబకీ అదే గతి. బోనులు చాలు.

ప్రశ్న: ఆకులు కాల్చడం మానేసి కంపోస్టు గుంటలు తవ్వించాం. ఇప్పుడు పక్క కొబ్బరితోటల రైతులు మావల్లే కొమ్ముపురుగు పెరిగిందని గొడవ చేస్తున్నారు. నిజమేనా?
– ప్రిన్సిపాల్, పాలకొల్లు దగ్గర

జవాబు: నిజమే అయ్యుండొచ్చు. వాళ్లతో వాదించకండి. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది కుళ్లుతున్న సేంద్రియ పదార్థంలోనే: పెంటపోగు, కంపోస్టు, కుళ్లిన కొబ్బరి మొద్దు. కదిలించకుండా వదిలేసిన గుంట దానికి పురిటిల్లు. ఇంగ్లీషు సి అక్షరంలా వంగిన, తెల్లటి, బొటనవేలంత లావు పురుగులు అడుగున కనిపిస్తే అవే.

కాల్చడానికి తిరిగి పోనక్కర్లేదు. గుంట పది అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, మూడు లోతు మించకుండా తియ్యండి. నేల తడి ఎక్కువైతే గుంట బదులు నేల మీదే ఇటుకల తొట్టి కట్టండి, వానాకాలం ఊట గుంటలోకి వస్తే కంపోస్టు కాదు, కుళ్లు అవుతుంది. కొబ్బరి మట్టలు ముక్కలు కొట్టకుండా వెయ్యొద్దు, అవి మిగతావాటితో పాటు మాగవు. అర అడుగు ఆకు, పైన పేడనీళ్లు, పల్చగా మట్టి, ఇలా పొరలు. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి, చుక్క కారకూడదు. పదిహేను రోజులకోసారి అడుగు దాకా తిరగెయ్యాలి. తిరగేసేటప్పుడు కనిపించిన పురుగుల్ని ఏరి కోళ్లకి వెయ్యండి. మూడు నాలుగు నెలల్లో మాగుతుంది, మాగినది వెంటనే చెట్లకి పరచాలి, నిలవ పెట్టకూడదు.

ఘనపు మీటరు పోగుకి 250 మిల్లీలీటర్ల మెటారైజియం అనే బూజు ద్రావణం 750 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి చల్లితే పిల్లపురుగులకి ఆ బూజు పట్టి చస్తాయి. సాయంత్రం, పోగు తడిగా ఉన్నప్పుడు చల్లాలి. ఎండలో చల్లితే బూజు చస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి పురుగుల మీద జీవనియంత్రణ పనికి పేరున్న చోటు, వెళ్లి అడగండి. ఆ రైతుల్ని కూడా తీసుకెళ్లండి. వాళ్ల తోటల్లో పడి ఉన్న మొద్దుల సంగతి అక్కడివాళ్లే చెబుతారు.

ప్రశ్న: ప్రపంచ మడ అడవుల దినోత్సవానికి మా వాలంటీర్లు రెండు వందల మందిని కోరంగి వైపు తీసుకెళ్లి మడ మొక్కలు నాటించాలనుకుంటున్నాం. సూచనలివ్వండి.
– ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు, యానాం దగ్గర

జవాబు: మొదటి సూచన: రెండు వందల మంది వద్దు. నాలుగు వందల పాదాలు తొక్కిన బురదలో నాటిన మొక్కల కన్నా చచ్చిన మొలకలే ఎక్కువ ఉంటాయి. కోరంగి 1978లో అభయారణ్యమైంది, 235.70 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లి, నీటికుక్క ఉండే చోటు. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టడానికి లేదు.

రెండోది, ఎక్కడ నాటుతారన్నది. ఖాళీగా కనిపించే బురద మైదానాన్ని చూసి ఇక్కడ అడవి లేదే, వేద్దాం అనుకుంటారు. కాకినాడ అఖాతంలో ఆ ఉత్త బురదే చలికాలం వలస వచ్చే ఉల్లంకిపిట్టల అన్నం కంచం. అక్కడ అడవి లేకపోవడానికి కారణం కూడా ఉంటుంది: అలలు కొట్టే చోట, రోజంతా మునిగి ఉండే చోట మొక్క నిలవదు. నాటిన ప్రతిసారీ కొట్టుకుపోతుంది, లేకపోతే గుల్లలు అంటుకుని బరువుకి ఒరుగుతుంది.

అసలు పాడైన మడ నేల ఇంకోలా ఉంటుంది. ఎప్పుడో చెట్లు కొట్టేశారు. నీడ పోయి నేల ఎండి, కుంగి, మధ్యలో తట్టలా పల్లమైంది. పోటు నీరు లోపలికి వస్తుంది, పాటుకి బయటికి పోలేదు. ఎండకి ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. అక్కడ మీరు ఎన్ని వేలు నాటినా చస్తాయి. దానికి మందు మొక్క కాదు, కాలవ. ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలవలు, చేప ముల్లులాగా. పోటు పాటు నీరు ఆడితే ఉప్పు కడుక్కుపోతుంది. మొక్క నాటేది కాలవ అడుగున కాదు, గట్టు మీదా కాదు, వాలు మధ్యలో, పోటుకి తడిసి పాటుకి ఆరే చోట. కృష్ణా, గోదావరి మడ అడవుల్లో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ ఈ పద్ధతి వాడాయి. కాలవలు ఏటా పూడిక తియ్యకపోతే రెండు మూడేళ్లలో కథ మొదటికి వస్తుంది.

జాతి కూడా ఉప్పుని బట్టి. ఉప్పు ఎక్కువున్న చోట తెల్లమడ నిలుస్తుంది. గోదారి మంచినీరు తగిలే చోట నల్లమడ. ఉప్పుపొన్న పొడుగు కాయ గుచ్చడం సులువు, ఫొటోకి బాగుంటుంది. అందుకే అందరూ దాన్నే పట్టుకుపోయి అది పెరగని చోట గుచ్చుతారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పిల్లలకి ముందే చూపించి చెప్పండి.

మీ కాలేజీ చెయ్యగలిగిన పని, ఎక్కువమంది చెయ్యని పని ఒకటుంది. ఇదివరకు నాటిన చోటొకటి అటవీశాఖని అడిగి తీసుకోండి. పదిమంది, మూడు నెలలకోసారి, 10 మీటర్ల చదరాలు ఐదు. ఎన్ని బతికాయి, ఎంత ఎత్తు, బురదనీటి ఉప్పు ఎంత. మూడేళ్లు. ఎక్కడ నాటాలో, ఎక్కడ కాలవ పూడిందో అటవీశాఖకి ఆ కాగితం చెబుతుంది.

ప్రశ్న: మా లంక గ్రామానికి విశ్వవిద్యాలయం వాళ్లొచ్చి జీవవైవిధ్య రిజిస్టరు రాస్తామంటున్నారు. ఏ ఆకు ఏ రోగానికో పెద్దవాళ్లని అడుగుతున్నారు. చెప్పొచ్చా? మాకేంటి లాభం?
– పంచాయతీ వార్డు సభ్యుడు, కోనసీమ

జవాబు: జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ రిజిస్టరు ఆ కమిటీది. విశ్వవిద్యాలయం రాసిపెట్టే సాయం చేస్తుందంతే. 2020 జనవరి 31 లోగా పూర్తి చెయ్యాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. మీ ఊరికి అప్పట్లో రాసిన రిజిస్టరు ఉందేమో ముందు పంచాయతీ కార్యాలయంలో అడగండి. ఉంటే తెప్పించి చదవండి. మీ ఊళ్లో లేని చెట్లు అందులో ఉంటే పక్క ఊరిది చూసి ఎక్కించారని అర్థం.

వచ్చినవాళ్లని నాలుగు అడగండి. ఎన్నిసార్లు వస్తారు? ఒక్కసారి వచ్చి రాసేది రిజిస్టరు కాదు. సార్వా ఊడుపులప్పుడు ఒకసారి, వరద తీశాక ఒకసారి, దాళ్వా (రబీ) కోతలకి ఒకసారి, వేసవిలో ఒకసారి రావాలి. లంకలో గడ్డి, చేప, పిట్ట ఒక్కో కాలంలో ఒక్కోటి. ఎవరిని అడుగుతారు? ఆడవాళ్లకి ఆకుకూరలు తెలుసు, చేపలు పట్టేవాళ్లకి గుడ్లుపెట్టే రేవులు తెలుసు, మేకలు కాసేవాళ్లకి ఏ గడ్డి తగ్గిందో తెలుసు. అరుగు మీద నలుగురు పెద్దమనుషుల్ని అడిగి వెళ్లిపోతే సగం ఊరు రాయనట్టే. ఏ భాషలో రాస్తారు? తెలుగులో ఒక ప్రతి పంచాయతీలో ఉండాలి. శాస్త్రీయ నామం పక్కన మీ ఊరి పేరు ఉండాలి. ఒకే మొక్కకి లంకలో ఒక పేరు, మెట్టలో ఇంకో పేరు, పేరు తప్పితే రిజిస్టరే తప్పు. నాలుగోది, మందు సంగతులు.

వైద్యం తెలిసినవాళ్లు అన్నీ చెప్పాల్సిన బలవంతం లేదు. మొక్క ఉందని చెప్పి, తయారీ పద్ధతి చెప్పనని అనొచ్చు. చెప్పినా 'గోప్యం' అని రాయించి ఆ పుటలు కమిటీ దగ్గరే ఉంచుకోవచ్చు. మొక్కల్ని వ్యాపారానికి వాడుకునే కంపెనీలకి ఈ చట్టం కింద షరతులున్నాయి, లాభంలో వాటా అడిగే వీలుంది. ఎవరైనా అలా వస్తే కమిటీ ద్వారా రాష్ట్ర జీవవైవిధ్య మండలికి రాయండి.

ఇక లాభం. ఇసుక ర్యాంపు కోసమో, రోడ్డు కోసమో, రొయ్యల చెరువు కోసమో రేపు మీ పుంతగట్టు చెట్లు కొట్టడానికి ఎవరైనా వస్తే, అక్కడ ఏముందో తేదీతో, సర్వే నంబరుతో రాసి ఉన్న కాగితం మీ చేతిలో ఉంటుంది. అందుకే ప్రతి మొక్కకీ, గూటికీ పక్కన సర్వే నంబరు రాయించండి. 'ఊరి చివర' అని రాస్తే ఊరుకోకండి.